తెర మీద ఖాళీ బెంచీ కనిపించదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. నెల కిందట ఫోన్ చేసి, "అక్కా, సభలో మీరు మాట్లాడాలి" అన్నాడు. "ఎంతసేపు?" అన్నాను. "పావుగంట" అన్నాడు. ముప్పై మూడేళ్ళు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, గంట కొడితే తప్ప ఆగే అలవాటు లేదు. అందుకని మన బడిగంట పక్కన ఒక మనిషిని నిలబెట్టమన్నాను. నిజంగానే నిలబెట్టాడు. అదుగో, ఆ కుర్రాడే.

ఏం మాట్లాడాలో కూడా అతనే చెప్పాడు. మన బడిలో పదో తరగతి పాసై, ఇంటర్లోనో డిగ్రీలోనో చేరిన పిల్లల చదువు కోసం స్వర్ణోత్సవ నిధిలో కొంత ఖర్చుపెట్టాలని కమిటీ అనుకుంటోంది. వచ్చిన ప్రతిపాదనల్లో ఎక్కువమందికి నచ్చింది ఆన్‌లైన్ క్లాసులట. డాలస్‌లో ఉన్నవాళ్ళు, బెంగళూరులో ఉన్నవాళ్ళు, హైదరాబాదులో ఉన్నవాళ్ళు తలా ఒక గంట పాఠం చెబుతారు. పిల్లలు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఫోన్లో వింటారు. గది అక్కర్లేదు, బెంచీలు అక్కర్లేదు, బస్సు ఛార్జీ అక్కర్లేదు. "కరోనా రోజుల్లో మీరు ఆన్‌లైన్లో చెప్పారు కదా అక్కా, దాని మంచిచెడ్డలు నాలుగు మాటల్లో చెప్పండి" అన్నాడు.

మంచి గురించి చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎక్కువగా చెడ్డ గురించే చెప్పబోతున్నాను. పాతకాలపు మనిషిని కనుక కొత్త పనిముట్టు గిట్టదని అనుకోకండి. ఆ పనిముట్టుతో పాఠం చెబుతూ నేను చేసిన ఒక పెద్ద పొరపాటు ఉంది. దాన్ని ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి. నా చదువు మొదలైన చోటు కంటే దానికి తగిన చోటు లేదు.

ముందు, ఈ బడిలోనే జరిగిన ఒక సంగతి.

1976లో నేను ఎనిమిదో తరగతి. అదుగో, ఆ చివరి గదిలో నాలుగో బెంచీ. సైన్సు మాస్టారు బోర్డు మీద రాస్తుంటే నేను పక్కపిల్ల నోట్సులో చూసి ఎక్కించుకునేదాన్ని. ఒకరోజు మాస్టారు పాఠం మధ్యలో ఆపి నన్ను లేపారు. బోర్డు మూల ఉన్న తేదీ చదవమన్నారు. గడగడా చదివాను. క్లాసంతా నవ్వింది. నాకెందుకో అర్థం కాలేదు. మాస్టారు అంతకుముందే పాత తేదీ తుడిచేసి, కావాలని తప్పు తేదీ రాసి పెట్టారు. నేను బోర్డు చూసి చదవలేదు, ఆ రోజు తేదీ తెలుసు కనుక చెప్పేశాను.

మాస్టారు నవ్వేవాళ్ళను కూర్చోమని, నన్ను మూడో బెంచీలోకి రమ్మన్నారు. "ఇప్పుడు?" అన్నారు. రెండో బెంచీ. "ఇప్పుడు?" మొదటి బెంచీకి వచ్చాక తేదీ కనిపించింది. ఆ సాయంత్రమే సైకిలు మీద మా ఇంటికి వచ్చి నాన్నగారితో మాట్లాడారు. "ఆడపిల్లకి కళ్ళజోడు పెడితే రేపు పెళ్ళెలా అవుతుందండీ" అని మా నాన్నగారు నసిగారు. మాస్టారు పట్టు వదల్లేదు. వారం తిరక్కుండా కాకినాడ తీసుకెళ్ళి కళ్ళజోడు పెట్టించారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని దారిపొడుగునా దుకాణాల బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చాను.

మాస్టారూ, మీకు గుర్తుందో లేదో! నాకు మాత్రం ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో రోజూ గుర్తొచ్చింది. ఎందుకంటే, నాకు కనిపించడం లేదని నేను చెయ్యెత్తి చెప్పే అవకాశమే లేదు. ఆ సంగతి నాకే తెలియదు. నల్లబల్ల అందరికీ అలాగే మసగ్గా ఉంటుందనుకున్నాను. తనకేమి లోటో తెలియని పిల్ల ఏమని అడుగుతుంది? చూడాల్సింది మాస్టారే. ఆయన చూశారు.

ఇక 2020 సంగతి. మార్చి మూడో వారంలో కాలేజీలు మూసేశారు. పది రోజుల్లో తెరుస్తారులే అనుకుని, ల్యాబులో కలిపి పెట్టుకున్న ద్రావణాల సీసాలు కూడా అలాగే వదిలి ఇంటికొచ్చాను. తరవాత లాక్‌డౌన్ వచ్చింది. ఆ వేసవి దాటాక ఆన్‌లైన్లో పాఠాలు మొదలుపెట్టమన్నారు. మా అబ్బాయి నాకు జూమ్ నేర్పాడు. మొదటి క్లాసు బ్రహ్మాండంగా చెప్పాననుకున్నాను. పన్నెండు నిమిషాలయ్యాక ఒక పిల్లవాడు మామూలు ఫోన్ చేసి, "మేడమ్, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్నాడు.

ఆ రోజు ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. తరవాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. అదే గదిలో నా గొంతు పోతే పది సెకన్లలో క్లాసంతా గోల చేసేది. ఇక్కడ నలభై ఆరుమంది పన్నెండు నిమిషాలు ఊరుకున్నారు. కొందరు తమ ఫోనే పాడైందనుకున్నారట. కొందరు సిగ్నల్ లేదనుకున్నారట. కొందరైతే అసలు తెర ముందు లేరు. ఎవరు ఏ కారణంతో ఊరుకున్నారో నాకు తెలిసే దారి లేదు. నా ముందున్నవి నలభై ఆరు నల్లని గడులు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు.

కెమెరాలు పెట్టమని ఎందుకు అడగలేదంటారేమో. అడిగాను. రోజుకి ఒకటిన్నర జీబీ డేటాతో అన్నదమ్ములిద్దరి క్లాసులు నడవాలి. కెమెరా పెడితే మధ్యాహ్నానికి డేటా అయిపోతుంది. సిగ్నల్ కోసం డాబా ఎక్కినవాళ్ళున్నారు, చెరువుగట్టు మీద కూర్చున్నవాళ్ళున్నారు. ఒకమ్మాయైతే, "మా ఇల్లు ఒకటే గది మేడమ్, వెనక అందరూ కనిపిస్తారు" అంది. ఇంకోసారి ఎవరినీ అడగలేదు.

పాఠం చెప్పడమంటే సగం మాట్లాడడం, సగం చూడడం. ఇక్కడున్న టీచర్లందరికీ తెలిసిన సంగతే. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఒక చర్య ఎలా జరుగుతుందో చెప్పాలంటే ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బాణాలు గీసి చూపించాలి. నేను బాణం గీసి వెనక్కి తిరిగితే, కలాలు ఆగిపోయి ఉంటే అర్థం కాలేదన్నమాట. అందరూ తలలు వంచి గబగబా రాస్తుంటే అది ఇంకా ప్రమాదం. అర్థం చేసుకోవడం మానేసి ఎక్కించుకుంటున్నారన్నమాట. అప్పుడు బోర్డు తుడిచి మళ్ళీ మొదటి నుంచి గీస్తాను. రెండోసారి గీస్తుంటే ఎక్కడో మూడో బెంచీలో ఒకడు పక్కవాడి మోచెయ్యి పొడిచి ఏదో చెబుతాడు. వాడికి తెలిసింది, వాడు ఇంకొకడికి చెబుతున్నాడు. నేను చెప్పినదానికంటే వాడు గుసగుసగా చెప్పింది ఎక్కువ పనిచేస్తుంది చాలాసార్లు.

తెర మీద ఈ మూడూ లేవు. కలం ఆగడం కనిపించదు. మోచెయ్యి పొడిచే పక్కవాడు లేడు. "అర్థమైందా?" అంటే పక్కన "ఎస్ మేడమ్, ఎస్ మేడమ్" అని వరసగా పడతాయి. ఒకసారి నా ప్రశ్న పూర్తి కాకముందే ఒక "ఎస్ మేడమ్" పడింది. గట్టిగా అడగడానికి మొహమాటపడే పిల్లలు మామూలుగా క్లాసయ్యాక వరండాలోకో, సైకిల్ స్టాండు దగ్గరికో వచ్చి సందేహాలు అడుగుతారు. ఆన్‌లైన్ క్లాసుకి వరండా లేదు. గంట అవగానే అందరూ ఒక్కసారిగా మాయమవుతారు. ఖాళీ తెరలో నా మొహం నాకే కనిపిస్తుంది.

ఇవన్నీ చిన్న లోట్లే, సర్దుకోవచ్చు అంటారా, సరే. ఇప్పుడు నా పొరపాటు చెబుతాను.

బి.జెడ్.సి. రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. మొదటి సంవత్సరంలో రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. మరీ తెలివైనదీ కాదు, మొద్దూ కాదు. రాసేది చక్కగా రాసేది. చదువుకి వస్తున్న మొదటి తరం. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక ఆ అమ్మాయి పేరు రోజూ కనిపించేది. తొమ్మిదిన్నరకు క్లాసంటే తొమ్మిది ఇరవై ఎనిమిదికే ఉండేది. నెలకోసారి నేను హాజరు లెక్క తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. ఒక నెల ఎక్కువ హాజరున్న అయిదుగురి పేర్లు రాసి మెచ్చుకున్నాను. వాటిలో ఆ అమ్మాయి పేరు రెండోది.

నవంబరులో కాలేజీలు విడతలవారీగా తెరిచారు. రెండో సంవత్సరం పిల్లల వంతు వచ్చాక మొదటిరోజు హాజరు పిలుస్తుంటే రెండో బెంచీలో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీయే. మూడోనాడు అడిగితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి తెలుసు. ఆ అమ్మాయి జూన్ నుంచి రొయ్యల కంపెనీలో పనికి వెళ్తోంది. తెల్లారకుండానే వ్యాను వస్తుంది, రొయ్యలు వలిచే పని, చీకటి పడ్డాక ఇంటికి చేరడం. తండ్రి ఆటో తోలేవాడు. లాక్‌డౌన్‌లో ఆటో ఆగింది, ఫైనాన్సు వాయిదాలు ఆగలేదు. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. దాంట్లో తమ్ముడు తన ఇంటర్ క్లాసులు వింటూ, అక్క హాజరు తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోతుందన్న భయంతో, రోజూ ఆమె పేరుతో నా క్లాసులోకి వచ్చి, మ్యూట్‌లో పెట్టి, ఫోను గూట్లో పెట్టేవాడు.

నేను మెచ్చుకున్నది ఆ గూటిని.

మా అటెండరుని తోడు తీసుకుని ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి గడపలోకి వచ్చింది. చేతివేళ్ళ చివర్లు నాని తెల్లగా పాలిపోయి, చీరుకుని ఉన్నాయి. కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. "ఇన్ని నెలలు నాకొక్క మాట చెప్పలేదేమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసి, "మీకు తెలుసనుకున్నాను మేడమ్" అంది.

అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అలా అనుకుంది. మొదటి సంవత్సరంలో రెండు రోజులు రాకపోతే నేను మూడోరోజు ఎవరినో పంపి కనుక్కున్నాను. ఇప్పుడు ఇన్ని నెలలు ఒక్క ప్రశ్న వెయ్యలేదు, ఒక్కసారి పలకరించలేదు. మేడమ్‌కి తెలుసు, తెలిసి హాజరు వేస్తున్నారు, పోనీలే అని వదిలేశారు అనుకుంది.

ఆ తరవాత ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, పరీక్ష ఫీజు మేమే కట్టి, ఆ అమ్మాయిని కాలేజీకి రప్పించాం. పదకొండు రోజులు వచ్చింది. పోగొట్టుకున్న పాఠాలు కొండలా కనిపించాయి. కంపెనీ వాళ్ళు ఇంకా సెలవు ఇవ్వమన్నారు. తరవాత రాలేదు. ఆ డిగ్రీ ఇవాళ్టికీ పూర్తి కాలేదు.

న్యాయంగా మాట్లాడాలి. ఆ పిల్ల చదువు ఆపింది ఆన్‌లైన్ క్లాసు కాదు, ఇంట్లో లేమి. రోజులు మామూలుగా ఉన్నా ఆమె పనికి వెళ్ళాల్సి వచ్చేదేమో. కానీ మామూలు రోజుల్లో అయితే నాకు మూడోరోజుకి తెలిసేది. జూన్‌లో తెలిస్తే చెయ్యగలిగింది చాలా ఉంది. ఫోను ఇప్పించడమో, వాయిదాల సంగతి ఎవరితోనైనా మాట్లాడడమో, రాత్రిపూట ఓ గంట విడిగా చెప్పడమో. డిసెంబరులో తెలిసేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. గదిలో ఖాళీ బెంచీ తనంతట తానే కంట్లో పడుతుంది. తెర మీద ఖాళీ కూడా పేరు పెట్టుకుని, హాజరు పలికి కూర్చుంటుంది.

ఇక ల్యాబు సంగతి రెండు మాటలు. మధ్యలో 2021 వేసవిలో మళ్ళీ మూత పడి, తెరిచేసరికి ఆ బ్యాచి పిల్లలు చివరి సంవత్సరానికి వచ్చారు. ప్రాక్టికల్స్ చాలావరకు వీడియోల్లోనే చూశారు. మంచి వీడియోలే. కేంద్ర విద్యాశాఖ వారి వర్చువల్ ల్యాబ్స్‌లో కూడా చేశారు. కాగితం మీద అన్నీ సరిగ్గా రాశారు. ల్యాబులోకి తీసుకెళ్ళి పిపెట్ చేతికిస్తే ముప్పావువంతు మంది బొటనవేలితో మూశారు. చూపుడు వేలితో మూస్తేనే ద్రవం చుక్క చుక్కగా చెప్పినట్టు వింటుంది. బొటనవేలితో మూస్తే ఆగదు, గీత దాటి జారిపోతుంది. ఇది చదివితే వచ్చేది కాదు. వేలు రెండుసార్లు తప్పు చేసి నేర్చుకోవాలి.

పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్ ఇక్కడ చాలామంది చేసే ఉంటారు. ఫ్లాస్కుని అరవై డెబ్బై డిగ్రీల దాకా వేడి చెయ్యాలి. చేత్తో పట్టుకుంటే చురుక్కుమనాలి. అందులో సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలినంత పొయ్యకపోతే గులాబిరంగు రాదు, మట్టిరంగు మడ్డి వస్తుంది. ఆ రోజు ఆరుగురికి మట్టిరంగు వచ్చింది. ఒకడు బిక్కమొహం వేసుకుని, "మేడమ్, వీడియోలో ఇలా రాలేదు" అన్నాడు. వీడియోలో ఎలా వస్తుంది నాయనా! సరిగ్గా వచ్చినదాన్నే వీడియో తీస్తారు. ల్యాబులో చదువంతా ఆ మట్టిరంగులోనే ఉంది. ఎందుకొచ్చిందో కనుక్కోవడం, పారబోసి మళ్ళీ చెయ్యడం, పక్కవాడికి ఎందుకు రాలేదో తొంగి చూడడం. ఆ పూటంతా వాళ్ళు ఆ పనిలో ఉన్నారు. ఏడాదిన్నర తరవాత మొదటిసారి గది నిండా గోల. నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇంత చెప్పాను కదా అని ఆన్‌లైన్ చదువే వద్దంటున్నానని అనుకోవద్దు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు నేను విన్నాను, మా పిల్లలకు వినిపించాను. నాకు సరిగా రాని రెండు అధ్యాయాలు వాటిలోనే నేర్చుకున్నాను. పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ళకు, పసిబిడ్డ ఒళ్ళో ఉన్న తల్లికి, ఒకసారి విన్నది మళ్ళీ వినాలనుకునేవాళ్ళకు అది వరం. క్లాసులో నోరు విప్పని ఒక కుర్రాడు ఆన్‌లైన్లో టైపు చేసి చక్కని ప్రశ్నలు అడిగాడు. అవన్నీ నిజమే.

కానీ దూరం నుంచి చదువు చెప్పడం మనకు కరోనాతో వచ్చిన విద్య కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టింది. అప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. ఇంటికి పుస్తకాలు పంపి ఊరుకోలేదు వాళ్ళు. ఊళ్ళల్లోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో లెక్చరర్లను కూర్చోబెట్టి ముఖాముఖి తరగతులు నడిపారు. సైన్సు వాళ్ళకు ప్రాక్టికల్స్ పెట్టారు. దూరవిద్య కోసమే పుట్టిన సంస్థ కూడా, మనిషి ఎదురుగా మనిషి కూర్చోవాల్సిన వేళలు కొన్ని ఉండాలనుకుంది. మనం ఆ పాఠం మర్చిపోకూడదు.

అందుకని కమిటీ వారికి నా మనవులు నాలుగు.

మొదటిది: ఆన్‌లైన్ పాఠం పెట్టండి, కానీ పిల్లలు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని వినొద్దు. ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మన బడిలో ఒక గది తెరిపిద్దాం. హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. పెద్ద తెర ఒకటి పెడదాం. డాలస్ తమ్ముళ్ళు అక్కడి రాత్రివేళ కూర్చుని చక్కగా పాఠం చెప్పండి. ఆ గదిలో మాత్రం ఒక పెద్ద మనిషి పిల్లల వైపు తిరిగి కూర్చోవాలి. కలాలు ఆగినప్పుడు, "తమ్ముడూ, ఆగు, ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు" అని చెప్పగలిగిన మనిషి. ఈ సభలో రిటైరైన టీచర్లు, లెక్చరర్లు ఎంతమంది ఉన్నారో చూడండి. నెలకో ఆదివారం చొప్పున వంతులు వేసుకుంటే ఎవరికీ బరువు కాదు. మొదటి ఆదివారం నాది.

రెండోది: బస్సు ఛార్జీలకు కొంత డబ్బు విడిగా పెట్టండి. సర్వర్లకీ యాప్‌లకీ అయ్యే ఖర్చుతో పోలిస్తే అది పెద్ద లెక్క కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడపిల్లలు రావాలంటే అదే ముఖ్యం.

మూడోది: మన సైన్సు గదిలో ఒక పది బ్యూరెట్లు, పది పిపెట్లు, నీళ్ళు వచ్చే ఒక సింకు ఏర్పాటు చెయ్యండి. ఇంటర్, డిగ్రీ పిల్లలు వచ్చి చేత్తో చేసుకుంటారు. పగిలితే పగలనీయండి. పగలని ల్యాబులో ఎవరూ పని చెయ్యడం లేదని అర్థం.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, ఖర్చు ఏమీ లేనిది. ఒక పుస్తకం పెట్టి హాజరు రాయండి. వరసగా రెండు ఆదివారాలు ఎవరైనా రాకపోతే, మూడో ఆదివారంలోగా మన సంఘంలో ఒకరు వాళ్ళింటికి వెళ్ళాలి. ఫోన్ చాలదు. ఫోను గూట్లో ఉండొచ్చు. గడప దాకా వెళ్ళాలి. ఎందుకు రాలేదని గద్దించడానికి కాదు, ఏమైందని కనుక్కోవడానికి.

గంట దగ్గర కుర్రాడు తాడు పట్టుకుంటున్నాడు. ముగించేస్తాను.

మాస్టారూ, ఆ రోజు మీరు బోర్డు మీద తప్పు తేదీ రాయకపోతే నేను ఎనిమిదో తరగతి తప్పేదాన్ని. "మొద్దు పిల్ల, పెళ్ళి చేసేయండి" అనేవాళ్ళు. అంతా సబబే అనుకునేవాళ్ళు, నేను కూడా. నాకు కనిపించడం లేదన్న సంగతి ఈ ప్రపంచంలో ఎవరికీ తెలిసేది కాదు. మీరు నాకు చేసిన ఆ మేలు, నా క్లాసులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లకు నేను చెయ్యలేకపోయాను. మీ ఎదుట నిలబడి ఈ మాట చెప్పుకోవాలనే వచ్చాను. ఆదివారం గది తెరిచే రోజున తాళంచెవి మీ చేతికిస్తాం, మీరే తలుపు తియ్యాలి.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. ఎవరెవరి కళ్ళు మూతలు పడ్డాయో, ఎవరు గడియారం చూసుకున్నారో ఇక్కడి నుంచి నాకు అన్నీ కనిపించాయి. అది కూడా ఎదురెదురుగా కూర్చోవడంలో ఉన్న సుఖమే.